శంకరవ్వ వేరు తీర్పు

ఆలోచిస్తున్నప్పుడు శంకరవ్వ ఎడమచేతి బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా జరుగుతుండేది. ఆ రెండు వేళ్ల మధ్య నుంచి కనబడని నూలుపోగు సాగిపోతున్నట్టు, అందులో ముడి ఎక్కడ తగులుతుందో చూస్తున్నట్టు. మగ్గానికి నూలు కండెలు చుట్టే ఇళ్లలో పెరిగిన ఆడవాళ్లకు ఆ అలవాటు ఉంటుంది. కుడిచేయి రాట్నం తిప్పుతుంది, ఎడమచేయి పోగును పట్టి చూస్తుంది. రాట్నం వదిలి ఎన్నో ఏళ్లయినా ఆ వేళ్లు మానలేదు. బడిలో పిల్లల దస్తూరి దిద్దుతున్నప్పుడు కదిలాయి. తర్వాత జిల్లా వినియోగదారుల ఫోరంలో, ప్రెసిడెంటుకు ఎడమవైపు కుర్చీలో, వకీళ్లు వాదిస్తున్నప్పుడు కదిలాయి.

ఏ జిల్లా ఫోరమో చెప్పనక్కర లేదు. చెబితే అది ఆ ఒక్క ఊరి సంగతి అయిపోతుంది.

ఆమె పుట్టింది సిరిసిల్లలో. తండ్రి లచ్చయ్య చివరిదాకా మరొకరి మగ్గం మీద కూలికి నేశాడు. పెళ్లయిన రెండేళ్లకు భర్త పనికోసం దూరాన మరమగ్గాల ఊరు భీవండికి పోయాడు. మొదట్లో ఉత్తరాలు వచ్చాయి. తర్వాత ఉత్తరాలు రాలేదు, ఆయనా రాలేదు. ఆమె కండెలు చుడుతూ చదువుకుంది, టీచరు ట్రైనింగు పూర్తి చేసింది. 1969లో గోదావరి అవతల, ఆదిలాబాద్ జిల్లాలోని ఒక పల్లెకు ఉద్యోగం వేశారు. ఆ ఏడాది ప్రత్యేక తెలంగాణ కోసం బడులు బందు. ఆమె చేరేనాటికి తలుపుకు తాళం ఉంది. అయినా రోజూ పోయి బడి అరుగు మీద కూర్చునేది.

"తాళమేసిన బడికి పంతులమ్మ ఎందుకవ్వా?" అని ఊరివాళ్లు నవ్వారు.

"తీసేటప్పుడు ఎవలన్న ఉండాలె గద," అన్నది.

కొన్నాళ్లకు పిల్లలు పలకలు పట్టుకొని ఆ అరుగు మీదికే వచ్చారు.

గోదావరికి ఇరుపక్కలా పని చేసి, పెద్ద పంతులమ్మగా రిటైరయింది. అప్పుడు ఫోరంలో ఖాళీ వచ్చింది. అక్కడ ముగ్గురు కూర్చోవాలి, వారిలో ఒకరు ఆడమనిషి కావాలని చట్టం. పేద నేతింటి నుంచి వచ్చిన ఆడమనిషి అయితే చూడటానికి బాగుంటుందని ఎవరో సలహా ఇచ్చారు. ఆమె ఏ ఇంట్లో పుట్టిందన్నది ఆ రోజు ఆమె అర్హత.

ప్రెసిడెంటు మధుసూదన్‌రావు రిటైరైన జిల్లా జడ్జి. సుల్తానాబాద్ వైపు భూములున్న ఇంటివాడు. ఎవరి మీదా గొంతు పెంచడు. చాయ్ తెప్పిస్తే బంట్రోతుకు కూడా తెప్పిస్తాడు. కేసున్నవాళ్లు సంచిలో మామిడిపండ్లు తెస్తే గేటు దగ్గరి నుంచే తిప్పి పంపుతాడు. ఆయన చెడ్డవాడని ఎవరూ అనలేరు. అనగలిగితే ఈ కథ తేలికయ్యేది.

మూడో సభ్యుడు హనుమంతు శంకరవ్వ కులంవాడే. అయితే లచ్చయ్యలాంటివాళ్లు ఎవరి మగ్గాల మీద నేశారో అలాంటి ఇంట్లో పుట్టాడు. ఇప్పుడు వాళ్ల షెడ్డు నిండా మరమగ్గాలు, పక్కన నూలు వ్యాపారం. ఆమెను "అక్కా" అని పిలిచేవాడు.

1997 ఎండాకాలంలో ఫోరంకు ఒక ట్రాక్టరు కేసు వచ్చింది. హుజూరాబాద్ దగ్గరి భూస్వామి లక్ష్మణ్‌రావు కొన్న కొత్త ట్రాక్టరు గేరుబాక్సు మొదటి దుక్కిలోనే పోయింది. వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడని చట్టం. తన కష్టంతో తాను బతకడానికి కొన్నవాడైతే వినియోగదారుడే. ట్రాక్టరు అమ్మినవాళ్ల వకీలు ఆ సందు పట్టుకున్నాడు. ఈయనకు డ్రైవరున్నాడు, జీతగాళ్లున్నారు, ఇది వ్యాపారం కాక మరేమిటన్నాడు.

మధుసూదన్‌రావు ముందుకు వంగి అడిగాడు. "లక్ష్మణ్‌రావు గారూ, అంటే ఇంటి సేద్యానికే గదా మీరు తీసుకున్నది?"

"అంతే సార్. ఇంటి సేద్యానికే."

ఆ జవాబు రికార్డయింది. ముగ్గురూ సంతకం చేశారు, లక్ష్మణ్‌రావు గెలిచాడు. ట్రాక్టరు నిజంగానే చెడ్డది కాబట్టి శంకరవ్వకు ఆ తీర్పు మీద అభ్యంతరం లేకపోయింది. ప్రెసిడెంటు తండ్రికి ఎంత భూమి ఉండేదని ఆ రోజు ఎవరూ అడగలేదు. అడగాలన్న ఊహే ఎవరికీ రాలేదు.

వానలు పడ్డాక అంబదాస్ కేసు వచ్చింది.

అంబదాస్ చిన్నప్పుడే భీవండి పోయి, పరాయి మరమగ్గాల మీద సగం వయసు పోగొట్టుకుని తిరిగొచ్చినవాడు. తిరిగొచ్చి రెండు మరమగ్గాలు కొన్నాడు. ఆ ప్రాంతంలో వాటిని సాంచాలంటారు. కొత్తవని అమ్మారు. నెల తిరక్కముందే ఒకదాని ఇరుసు విరిగింది. భార్య కిష్టవ్వ రెండోదాన్ని తుడుస్తుంటే ఆకుపచ్చ రంగు లేచి, కింద పాత నీలం రంగు బయటపడింది. దుకాణంవాడు వాపసు తీసుకోనన్నాడు. సాంచాలు పోతే అంబదాస్‌కు మిగిలింది మళ్లీ భీవండి బండెక్కడమే.

అతడు వకీలును పెట్టుకోలేదు. తానే నిలబడ్డాడు. దుకాణం తరఫున శ్యాంసుందర్‌రావు అనే వకీలు అడగడం మొదలుపెట్టాడు.

"ఏం పని చేస్తవయ్యా?"

"సాంచాలు నడుపుత సార్."

"ఎవలయి?"

"నాయే."

"అంటే నువ్వు కూలోనివి కాదు."

"కాదు సార్."

"మరి మీ దిక్కు నిన్ను ఏమంటరు?"

అంబదాస్ భుజం మీది కండువా సర్దుకున్నాడు. "ఆసామి అంటరు సార్. భీవండిల మస్తు ఏండ్లు కూలి చేసిన. ఇప్పుడు నేనే ఆసామిని."

సొంత సాంచాలు పెట్టి నలుగురికి పని చూపేవాణ్ని అక్కడ ఆసామి అంటారు. వకీలు నవ్వలేదు. గొంతు ఇంకా మెత్తన చేశాడు.

"మంచిది ఆసామీ. నీ దగ్గర పనోళ్లు గూడ ఉన్నరా?"

"ఒక పిల్లను వెట్టుకున్న సార్. మా ఇంటామె బాలింత ఉండె. కండెలు సుట్టెతందుకు."

"నాకు చాలు సార్," అని వకీలు కూర్చున్నాడు.

శంకరవ్వ వేళ్లు ఆగిపోయాయి. జీవితమంతా కూలివాడివని పిలిపించుకున్నవాడు నలుగురి ముందు ఏం చెప్పుకుంటాడో ఆమెకు తెలుసు. ఆమె తండ్రికి ఆ మాట చెప్పుకునే రోజు రాలేదు. ఆమె ముందుకు వంగింది.

"అంబదాసూ, సాంచా నడిపేది నువ్వేనా, ఆ పిల్లనా?"

అతడు నోరు తెరిచేలోపు మధుసూదన్‌రావు చేయి ఎత్తాడు. "మేడం, జవాబు మనం అందియ్యొద్దు. అది న్యాయం గాదు."

ఆ మాట ఆయన నమ్మే అన్నాడు. ఎండాకాలంలో లక్ష్మణ్‌రావుకు తానేం అందించాడో ఆయనకు గుర్తు లేదు. తన ఇంట్లో మాట్లాడుకునే మాట ఒకరికి అందించినట్టు ఎవరికీ అనిపించదు.

వాయిదా తర్వాత ముగ్గురూ ప్రెసిడెంటు గదిలో కూర్చున్నారు. చాయ్ వచ్చింది.

"తనే చెప్పుకున్నడు గదమ్మా, ఆసామినని," అన్నాడు మధుసూదన్‌రావు. "పనిమనిషి గూడ ఉన్నది. కేసు నిలబడది. ముగ్గురం ఒక్కటే రాద్దాం."

"నేను వేరే రాస్త సార్."

ఆయన కప్పు కింద పెట్టాడు. "రాసుడు మీ హక్కే. కాని జర ఆలోచించున్రి. అంబదాసు మీ కులపోడు. నేను కులం చూసేటోణ్ణి గాను. కాని లోకం ఏమంటది?"

"హనుమంతు గూడ వాని కులపోడే గద సార్. ఆయన మీ దిక్కు రాస్తుండు. మరి లోకం ఆయనను ఏమంటది?"

హనుమంతు ఇబ్బందిగా నవ్వాడు. "ఇడిసిపెట్టక్కా. గిట్ల రాస్తె రేపు ప్రతోడు సాంచా ఆగిందని, నూలు తెగిందని ఈడికే వస్తడు. మా అసొంటోళ్ల మీదనే వడ్తరు."

"మా అసొంటోళ్లు" అన్న మాట ఆ గదిలో పడింది. ప్రెసిడెంటు దాన్ని వినలేదు. విన్నా అందులో తప్పేమీ తోచలేదు. శంకరవ్వ మాత్రం విన్నది.

"సార్, మీ నాయిన ఏం చేసేటోళ్లు?"

"వ్యవసాయం."

"నాగలి వట్టిన్రా?"

మధుసూదన్‌రావు హాయిగా నవ్వాడు. "మా ఇండ్లల్ల నాగలి ఎవలు వడ్తరమ్మా?"

"మరి లక్ష్మణ్‌రావుకు డ్రైవరున్నడు, జీతగాళ్లున్నరు. ఆయనది బతుకుదెరువు అని మనం ముగ్గురం సంతకం వెట్టినం. అంబదాసు దగ్గర ఒక్క పిల్ల, బాలింత లేచేదాక కండెలు సుట్టింది. గది యాపారం ఎట్లయింది?"

"వ్యవసాయం వేరు."

"ఎట్ల వేరు సార్?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. కారణం దొరుకుతుందన్న నమ్మకంతోనే వెతికాడు. చివరికి అన్నాడు. "అది తాత ముత్తాతల నుంచి వచ్చేది. దాన్ని యాపారమంటే ఎట్ల? అది బతుకు."

"మగ్గం మాకు గట్లనే వచ్చింది సార్."

చాయ్ మీద మీగడ కట్టింది. ఎవరూ తాగలేదు.

ఆమె తన తీర్పును చేత్తో, తెలుగులో రాసింది. ఫోరం తీర్పులన్నీ ఇంగ్లీషులో టైపయ్యేవి. ఓడినవాడు తన కేసులో ఏం రాశారో మరొకరిచేత చదివించుకోవలసిన పని లేకుండా ఒక్కటైనా ఉండాలనుకుంది. మూడు పేజీలు దాటలేదు. ఇతడు ఆసామినన్నాడు, ఇక కూలివాణ్ని కానని చెప్పడానికి ఇతడికున్న మాట అదే, అని రాసింది. ఇల్లాలు చేసే పనికి ఆమె బాలింతైనప్పుడు మనిషిని పెట్టుకుంటే ఇల్లు కార్ఖానా అయిపోదని రాసింది. ట్రాక్టరు కేసులో పెట్టిన కొలతనే ఇక్కడా పెట్టాలని రాసింది. కోపం ఎక్కడా రాయలేదు.

తీర్పు రోజున ప్రెసిడెంటు ఫిర్యాదు కొట్టివేస్తున్నట్టు చదివాడు. గౌరవ సభ్యురాలి అభిప్రాయం సానుభూతి నుంచి పుట్టిందని, చట్టం సానుభూతితో నడవదని తన తీర్పులో ఒక వాక్యం చేర్చాడు. తన తీర్పు ఎక్కడి నుంచి పుట్టిందో చెప్పే వాక్యం అందులో లేదు. అలాంటిది ఎప్పుడూ ఉండదు. ఇద్దరు కలిసి ఒకటి రాస్తే అది చట్టం. మిగిలిన ఒకరు వేరే రాస్తే, ఆమె పుట్టిన ఇల్లు ఎక్కడో వెంటనే వెతుకుతారు.

వెతికారు. వకీళ్ల గదిలో శ్యాంసుందర్‌రావు ఎడమచేతి వేళ్లు కదిపి చూపించాడు. "మేడం ఇంక కండెలు సుడుతనే ఉన్నది," అన్నాడు. అందరూ నవ్వారు. కులపోడని రాసిందన్నారు కొందరు. సొంత కులం హనుమంతే ఒప్పుకోలేదంటే ఆమె రాతలో పస లేదని అదే నోటితో అన్నారు. ఆమె కులంవాడి వైపు రాసినా, కులంవాడు ఆమెకు ఎదురు రాసినా తప్పు ఆమెదే. మధుసూదన్‌రావు కులం మాత్రం ఆ గదిలో ఎవరి నోటా రాలేదు.

వరండాలో కిష్టవ్వ పసిబిడ్డను భుజాన వేసుకొని మొగుణ్ని నిలదీస్తోంది.

"నిన్నెవలు ఆసామినని చెప్పుమన్నరు? ఇంట్ల పొయ్యి లేస్తలేదు, ఆసామంట. పో, ఇగ భీవండి పోయి చెప్పుకో."

అంబదాస్ కండువా తీసి మడిచి చంకలో పెట్టుకున్నాడు.

కేసున్నవాళ్లతో శంకరవ్వ విచారణ గది బయట ఎన్నడూ మాట్లాడలేదు. తీర్పు వచ్చింది కాబట్టి ఆ రోజు వాళ్ల దగ్గర ఆగింది.

"హైదరాబాద్‌ల పై కమిషనుకు పోవచ్చు. నెల దినాలు గడువున్నది. నకలు తీసుకోన్రి. అండ్ల నేను రాసింది గూడ ఉంటది, వాళ్లు సదువుతరు."

"నీది అండ్ల లేదట టీచరమ్మా," అంది కిష్టవ్వ. "గిప్పుడే అడిగినం."

శంకరవ్వ ఆఫీసు గదిలోకి పోయింది. గుమాస్తా లేచి నిలబడ్డాడు.

"మీది తెలుగుల ఉన్నది మేడం. మన మిషను ఇంగ్లీషుది. తర్వాత జతచేద్దామన్నరు సార్. వాళ్లకు ఈ ఆర్డరు చాలు."

"తర్వాత అంటే ఎప్పుడు?"

గుమాస్తా టైపు మిషను మీద గుడ్డ కప్పి సరిచేశాడు. ఆమె బయటికి వచ్చి, పొద్దున్నే రమ్మని ఆ ఇద్దరికీ చెప్పి, ఇంటికి పోయింది.

మరునాడు ఆఫీసు తాళం తీయకముందే వచ్చింది. తాళం తీశాక కూడా తన గదిలోకి పోలేదు. వరండాలో కేసులవాళ్లు కూర్చునే బల్ల మీద, కిష్టవ్వకూ అంబదాస్‌కూ మధ్య కూర్చుంది. గుమాస్తా వచ్చి లోపలికి రమ్మని బతిమాలాడు. "ఈడ మంచిగనే ఉన్నది," అంది. వకీళ్లు వచ్చారు, చూశారు, చెప్పుల చప్పుడు తగ్గించుకొని దాటిపోయారు. మధుసూదన్‌రావు కారు దిగి, మెట్ల మీద ఆగిపోయాడు.

"ఇదేందమ్మా, ఈడ కూసున్నరు?"

"నకలు కోసం సార్."

"మీకెందుకు నకలు?"

"నాకు గాదు. వీళ్లకు. నేను రాసింది వీళ్ల చేతికి వచ్చినంక లోపలికి వస్త."

ఆయన ఆమె వంక చూశాడు, బల్ల మీది పసిబిడ్డ వంక చూశాడు. లోపలికి వెళ్లి గుమాస్తాను పిలిచాడు. కాసేపటికి గుమాస్తా ఆమె చేతిరాత కాగితాలు పట్టుకొని రోడ్డు దాటి జిరాక్సు దుకాణానికి పోయాడు. తిరిగొచ్చి ప్రతి పేజీ మీదా ముద్ర గుద్దాడు. ఇంగ్లీషు తీర్పు వెనక పిన్ను కొట్టి తెచ్చి ఇచ్చాడు.

శంకరవ్వ ఆ కాగితాలను ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, ఒక్కొక్కటీ జరిపి చూసింది. ఏదీ తప్పిపోలేదు. నకలు అంబదాస్ చేతికిచ్చింది. లేచి, లోపలికి నడిచి, తన ఎడమ కుర్చీలో కూర్చుంది.