దొర ఒంటేలు, నా కొండ మెట్లు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో దేవుడి మీద నా అనుమానాలన్నీ పుస్తకాల్లోంచి తెచ్చుకున్నవే. కోటప్పకొండ మెట్లు మాత్రం సొంత కాళ్లతో ఎక్కాల్సి వచ్చింది. కారణం ఒక పిల్లి. నాన్న పోయిన ఏడాది అది. పగలంతా నరసరావుపేట ఇంట్లో అమ్మా, నాన్న పెంచిన మగపిల్లి దొరా, ఇద్దరే. అమ్మ మనుషులతో మాట్లాడటం దాదాపు మానేసింది. దొరతో మాట్లాడేది.

దొరకి ఒంటేలు ఆగిపోయే జబ్బు. మొదటిసారి ఇసుక తొట్టెలో కూర్చుని ముక్కుతుంటే పక్కింటి పిన్ని, "మలబద్ధకమే, ఆముదం పట్టండి" అంది. పట్టాం. (పనిచేసింది, కావలసిన వైపు కాదు.) గేదెల్ని చూసి చూసి అలిసిన పశువుల డాక్టరు దాని పొట్ట నొక్కి, "ఇంకో పూట ఆగితే దక్కేది కాదు. మగపిల్లికి దారి సన్నం, ఇసుక లాంటిది అడ్డం పడుద్ది. మళ్లీ మళ్లీ వస్తది" అంటూ సన్నటి గొట్టం వేసి తీశాడు. నీళ్లు బాగా పట్టమన్నాడు, ఎండుచేపలు, ముఖ్యంగా దొరకి ఇష్టమైన నెత్తళ్లు, మానిపించమన్నాడు. అమ్మ మానిపించింది, నేను చూస్తున్నంతసేపూ.

రెండోసారి ఆగినప్పుడు, దొర పోస్తే మెట్లెక్కి వస్తానని అమ్మ మొక్కుకుంది. దొర పోశాడు. "నా మోకాళ్లు చూశావుగా, నువ్వెక్కవే. మొక్కు ఇంటిది" అంది. ఎక్కాను.

మూడోసారి గొట్టం తీసేశాక కూడా దొర పోయలేదు. "సాయంత్రం దాకా చూడండి, లేకపోతే గుంటూరు తీసుకుపోండి. ఆశ మాత్రం పెట్టుకోబాకండి" అన్నాడు డాక్టరు. అమ్మ నా చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.

"ఈసారి ముందే ఎక్కెయ్యవే. మొక్కు ముందే తీర్చేస్తే కొండ మీద ఆయనకి మొగమాటం ఉంటది."

సగం మెట్ల దగ్గర కూలబడ్డాను. పక్కన కూర్చున్న పెద్దామె, "ఏం మొక్కుకున్నావమ్మా?" అని అడిగింది. చెప్పాను. ఆమె నవ్వలేదు. "మా గేదె ఈనలేక చానా అవస్థ పడితే నేనూ ఎక్కాన్లే" అంది. అప్పుడే ఫోను.

"పోశాడే! మీ నాన్న పడక్కుర్చీ నిండా పోశాడు! ఇంక ఎండు నెత్తళ్లు పెట్టనే, ఒట్టు!"

"అంటే ఇన్నాళ్లూ పెడుతున్నావా?"

ఫక్కున నవ్వింది. నాన్న పోయాక అమ్మ నవ్వు వినడం అదే మొదలు. కొంగుతో మొహం తుడుచుకున్నాను. పనైపోయింది, దిగిపోవచ్చు. దిగలేదు.

అమ్మ ఒట్టు నిలబెట్టుకుంది. దొర ఇంకో అయిదేళ్లు నిక్షేపంగా పోశాడు. (డాక్టరు చలవే అని ఇప్పటికీ అంటాను.) ఇప్పుడు దొరా లేడు, అమ్మా లేదు. మొన్న మళ్లీ ఎక్కాను. సగంలో కూర్చుని, మోగని ఫోను వంక చూసుకుని నవ్వుకున్నాను. ఈసారి మొక్కేమీ లేదు. మోకాళ్లు మాత్రం అమ్మవే.