ఓడిన డిస్కుల అంకుల్

మా ఎదురింటి అంకుల్ పోయారన్న కబురు ఇక్కడ ఉత్తరాదిలో, ఇందిరాపురంలోని మా అపార్ట్‌మెంట్ సొసైటీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వాటి మధ్యలోనే ఒకడు, తన పార్కింగ్‌లో ఎవరో బండి పెట్టారని తగాదా మొదలుపెట్టాడు. ఇంకో పెద్దమనిషి "అదే, హెచ్‌డీ-డీవీడీ అంకుల్" అని అందరికీ గుర్తుచేశాడు. ఛీ అనిపించింది. పోయినవాళ్ళంతా మంచివాళ్ళంటారు. ఆ పాటి మర్యాద కూడా ఆయనకి దక్కలేదు.

కాకినాడ మనిషి. ఎయిర్‌ఫోర్స్‌లో రాడార్లు బాగుచేసి రిటైరయ్యారు. ఒకప్పుడు సొసైటీలో ఎవరు టీవీ కొనాలన్నా ముందు ఆయన తలుపే తట్టేవారు. సినిమా పెట్టేముందు డిస్కుని పాత బనీను గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడిచేవారు. నేను అందుకోబోతే, "అంచు పట్టుకోవయ్యా, మధ్యలో వేలెట్టకు. డిస్కయినా అంతే, ఎదుటోళ్ళ సంసారమైనా అంతే" అనేవారు.

ఇరవై ఏళ్ళ కిందట హై-డెఫినిషన్ సినిమాల కోసం రెండు రకాల డిస్కులు వచ్చాయి. ఒకటి బ్లూ-రే, రెండోది హెచ్‌డీ-డీవీడీ. ఒకదాని ప్లేయర్లో ఇంకొకటి ఆడదు. కంపెనీలు రెండు జట్లుగా చీలి కొట్టుకుంటూ, ఎవరు నెగ్గుతారో మన చేత పందెం కాయించాయి. ఓడిన పెట్టె ఎవరింట్లో మిగిలితే వాళ్ళ ఖర్మ. ఎద్దు పుండు కాకికి నొప్పా? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

దుబాయ్ నుంచి వస్తున్న స్నేహితుడు ఏది తెమ్మంటావని అంకుల్‌ని అడిగాడు. బ్లూ-రేలో ఎక్కువ పడుతుంది, అదే నిలుస్తుందని ఆయన పార్కులో అందరి ముందూ చెప్పారు. తీరా చూస్తే ఇంటికి వచ్చింది హెచ్‌డీ-డీవీడీ. కొన్నాళ్ళకే ఆ జట్టు చేతులెత్తేసింది, కొత్త డిస్కులు రావడం ఆగిపోయింది.

"అదేంటంకుల్, మీరే కదా బ్లూ-రే అన్నారు?" అని అడిగాను.

"అప్పుడలా అనిపించింది, తర్వాత ఇలా అనిపించింది. ఠీక్ హై, వదిలెయ్."

ఇక మా సొసైటీ సెక్రటరీగారికి పండగే. "ఫౌజీ అంకుల్‌ని అడగండి, ఆయన చెప్పినదానికి ఉల్టా కొనండి" అని కనబడ్డవాడికల్లా చెప్పేవాడు. ఆ సెక్రటరీ ఇంటి మిక్సీని ఊరికే బాగుచేసి పెట్టింది కూడా ఈ అంకులే. అంకుల్ మాత్రం నవ్వి ఊరుకునేవారు. క్రమంగా ఆయన తలుపు తట్టేవాళ్ళు లేకుండా పోయారు. ఆయన పార్కుకి రావడమూ మానేశారు. చేతిలో పనితనం ఉన్న మనిషికి అంతకంటే అవమానం ఏముంటుంది?

పెద్దకర్మ భోజనాలకి ఆ సెక్రటరీ కూడా వచ్చాడు. లడ్డూ నములుతూ, టీవీ కింది అరలోంచి ఒక డిస్కు లాగి, "అంకుల్ నే భీ క్యా చీజ్ చునీ థీ!" అని అంకుల్ ఎంపికని వెక్కిరిస్తూ పకపకా నవ్వాడు. పక్కన ఇద్దరు ముగ్గురు వంత పాడారు. నేను లేవబోయాను.

నీళ్ళ జగ్గుతో వస్తున్న ఆంటీ నా వైపు తిరిగింది.

"ఆయన బ్లూ-రేనే తెప్పిస్తానన్నారు బాబూ. నేనే తేనివ్వలేదు. బ్లూ అంటే నాకు తెలిసింది ఆ పాడు సినిమాలే. ఎదిగిన పిల్లున్న ఇంట్లో ఆ పేరున్న డబ్బా పెడితే పుట్టింటికెళ్ళిపోతానన్నాను. అది డిస్కుని చదివే లోపలి వెలుగు రంగట, తర్వాతెప్పుడో తెలిసింది. నలుగురికీ చెప్పెయ్యండీ అంటే, నిన్ను చూసి నవ్వుతారే అని నోరు మెదపలేదు."

సెక్రటరీకి తెలుగు రాదు. "క్యా కెహ్ రహీ హై ఆంటీ?" అని ఆవిడ మాటలకి అర్థం ఆవిడ కూతుర్ని అడిగాడు.

"కుఛ్ నహీ" అంది ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ. అచ్చం వాళ్ళ నాన్నలాగే దాచబోయింది.

ఆంటీ ఒప్పుకోలేదు. సెక్రటరీ ముందుకి వెళ్ళి, వచ్చీరాని హిందీలో గట్టిగా అంది.

"గల్తీ మేరా థా. ఉన్‌కా నహీ."

తప్పు నాది, ఆయనది కాదు అన్న ఆ హిందీని ఎవరూ దిద్దలేదు. ఆవిడ సెక్రటరీ గ్లాసులో నీళ్ళు పోసింది. గ్లాసు నిండి, ఆయన చెయ్యి తడిసి, నేల మీదికి కారుతున్నా పోస్తూనే ఉంది.