అక్క ఆకు అడిగింది

రిటైరయ్యాక నాకు పట్టిన పిచ్చి పాలిమర్ క్లే. పేరుకి మట్టేగానీ అది మట్టి కాదు, మెత్తటి ప్లాస్టిక్ ముద్ద. రంగురంగుల్లో దొరుకుతుంది. చపాతీ పిండిలా పిసికి, అప్పడంలా వత్తి, కావలసిన ఆకారం కోసి, ఓవెన్‌లో సన్నటి వేడి మీద కాలిస్తే గట్టిపడుతుంది. తీగ కట్టి దారానికి గుచ్చితే మెళ్ళో వేసుకునే లాకెట్ అవుతుంది. కాలవల శాఖలో మ్యాపులు గీస్తూ ఉద్యోగం చేసినవాణ్ణి, చేతులు ఊరుకోవు. తెనాలిలో మా వంటింటి ఓవెన్ మధ్యాహ్నం పూట నాదే. ఎంత మందం వత్తాను, ఎంతసేపు కాల్చాను, ఏది పగిలింది, అన్నీ డైరీలో రాసుకుంటాను. కుర్రతనం నుంచీ డైరీ రాసే అలవాటు. ఇప్పుడు అందులో ఈ గొడవే ఎక్కువ.

"ఇంక తిరనాళ్ళలో కొట్టు పెట్టుకోవడమే తరువాయి" అంటుంది మా ఆవిడ.

మా అక్క రేపల్లెలో ఉంటుంది. బావగారు పోయి ఏడాది దాటింది. ఈ వేసవిలో అక్క మనవరాలికి, కూతురి కూతురికి, బాపట్లలో పెళ్ళి కుదిరింది. కూతురు ఉద్యోగానికి వెళుతుంటే ఆ పిల్లని పెంచింది అక్కే. గోరుముద్దలు పెట్టిందీ, జడలు వేసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ అక్కే. అలాంటి పిల్ల పెళ్ళికి రానంది.

నేను ఫోన్ చేసి గట్టిగా అడిగితే అసలు సంగతి చెప్పింది.

"గొలుసు వేసుకొస్తే, ఏడాది తిరిగిందో లేదో అప్పుడే సోకులంటారు. వేసుకోకపోతే బోసిమెడతో వచ్చి ముందు వరసలో కూర్చుందంటారు. ఏం చెయ్యమంటావురా?"

"ఎవరూ ఏమీ అనరక్కా. రోజులు మారాయి."

"రోజులు మారాయి సరే, మనవాళ్ళు మారారా?" మళ్ళీ తనే అంది. "నువ్వేదో మట్టివి చేస్తున్నావంటగా, అలాంటిదొకటి చేసి పెట్టు. మట్టిదైతే సోకని ఎవరూ అనరు, మెడ బోసిగానూ ఉండదు. ఆకు చెయ్యరా. చిన్న ఆకు. అది వేసుకుని వస్తా."

ఆకు చేశాను. వేడికి కొన వంగిపోయింది. మళ్ళీ చేశాను, ఈనెలు గీసిన చోట చీలింది. ఇంకోటి అంచు మాడింది. పెళ్ళి దగ్గర పడింది. పనులున్నాయని మా ఆవిడ ముందే బాపట్ల వెళ్ళిపోయింది. అప్పుడు బుర్ర ఉపయోగించాను. తంటా అంతా కొన ఉన్న ఆకారంతోనే, గుండ్రంగా ఉంటే వంగదు. తేనె రంగు మట్టి తీసుకుని సీసా మూతతో కోస్తే కంపాస్‌తో గీసినట్టు వచ్చింది. బల్లపరుపుగా ఉంటే మెరుపు రాదని, గరిటె గుంటలో వేసి నొక్కి మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా చేశాను. బలంగా ఉంటుందని అంచు చుట్టూ ఇత్తడి తీగ తిప్పాను. మెలిపెట్టిన తీగ కొసలు గుచ్చుకోకుండా రెండు వైపులా నల్లపూసలు వేశాను. డబ్బాలో ఆ సైజువి అవే ఉన్నాయి. నల్లదారమైతే చెమటకి రంగు దిగుతుందని పసుపుపచ్చ నూలుదారం ఎక్కించాను. చేసిన ప్రతి పనికీ ఒక కారణం ఉంది. డైరీలో అన్నీ వరసగా రాశాను కూడా. అంత నీటుగా నేనెప్పుడూ ఏదీ చెయ్యలేదు.

పెళ్ళి ముందు రోజు పొద్దున్నే రేపల్లె బండెక్కాను. అక్కని తీసుకుని అటునుంచటే బస్సులో బాపట్ల వెళ్ళాలని. వేమూరు దాటినా అట్టపెట్టె ఒళ్ళోంచి దించలేదు.

అక్క ఇస్త్రీ చీర కట్టుకుని, సంచి గుమ్మం దగ్గర పెట్టుకుని సిద్ధంగా ఉంది. సాగనంపడానికి పక్కింటావిడ కూడా వచ్చి కూర్చుంది.

"ఏదిరా నా ఆకు?"

"ఆకు కుదర్లేదక్కా. అంతకన్నా మంచిది చేశాను."

అక్క పెట్టె మూత తీసి అలా చూస్తూ ఉండిపోయింది. పక్కింటావిడ తొంగి చూసింది.

"అదేంటండీ అన్నయ్యగారూ, బొట్టు చేసుకొచ్చారు!" అనేసి, గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు చూశాను. పసుపుతాడు, నల్లపూసలు, మధ్యలో ఉబ్బెత్తు బిళ్ళ. తాళిబొట్టుకి ఇంకేం కావాలి? దారాన్ని దారంగా చూశాను, పూసల్ని పూసలుగా చూశాను, అన్నీ కలిపి ఒక్కసారి కూడా చూడలేదు. మొగుడు పోయిన అక్కకి తాళి చేసి పట్టుకొచ్చాను.

"పూసలు తీసేస్తానక్కా. దారం మార్చేస్తా, ఇప్పుడే..."

"ఉండనీరా. మ్యాపులు గీసి గీసి నీ కళ్ళు అలా అయిపోయాయి" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. పెట్టె నా చేతిలో పెట్టి, గుమ్మం దగ్గరి సంచి తీసి లోపల పెట్టేసింది.

"ఉత్త మెడతోనే రా అక్కా. నేను పక్కనే ఉంటాగా."

"ఇందాకటి దాకా రావాలనే ఉందిరా. ఇప్పుడు నా మెళ్ళోంచి అది తీసిన రోజు కళ్ళ ముందుకొచ్చింది. ఇవాళ నా వల్ల కాదు. నువ్వెళ్ళు, బస్సు పోతుంది."

బాపట్లలో పెళ్ళికూతురు పారాణి కాళ్ళతోనే ఎదురొచ్చింది.

"అమ్మమ్మ ఏది చిన్న తాతయ్యా?"

"మోకాళ్ళ నొప్పులమ్మా. లేవలేకపోతోంది."

"నిన్న ఫోన్లో బాగానే ఉన్నానందే!"

"ఉన్నట్టుండి పట్టేశాయి."

నా తప్పు తీసుకెళ్ళి అక్క మోకాళ్ళ మీద పెట్టాను. పిల్ల కళ్ళు నిండాయి. మర్నాడు పళ్ళెంలో మంగళసూత్రాలు పెట్టి, తాకి దణ్ణం పెట్టమని పెద్దవాళ్ళందరి దగ్గరికీ తెచ్చారు. నా చెయ్యి లేవలేదు. మా ఆవిడ మోచేత్తో పొడిస్తేగానీ తాకలేదు.

పెళ్ళయిన రెండోనాడు కొత్త జంట అమ్మమ్మ ఆశీర్వాదానికి కారులో బయల్దేరి నన్నూ ఎక్కించుకున్నారు. నేనాడిన అబద్ధం గురించి అక్కకి ముందే ఫోన్ చేసి చెబుదామనుకున్నాను, చెప్పడానికి మొహం చెల్లలేదు. కారు ఆగగానే అక్క చకచకా మెట్లు దిగి వస్తోంది.

"అమ్మమ్మా, దిగకు! మోకాళ్ళు!" అని అరిచింది పిల్ల.

అక్క ఆగింది. నా వైపు ఒక్క చూపు చూసింది. తర్వాత గోడ పట్టుకుంది.

"అవునే తల్లీ, పాడు మోకాళ్ళు" అంటూ కుంటుకుంటూ వెళ్ళి మంచమ్మీద కూర్చుంది.

పెళ్ళికొడుకు వరండాలో ఉండిపోయాడు. పిల్ల బాపట్ల నుంచి తెచ్చిన నొప్పుల నూనె తీసి, కింద కూర్చుని, అక్క మోకాళ్ళకి మర్దనా మొదలుపెట్టింది. వంగినప్పుడల్లా దాని మెళ్ళో కొత్త పసుపుతాడు ముందుకి జారుతోంది. "నూనె అంటుతుందే" అంటూ అక్క దాన్ని తీసి పిల్ల వీపు వెనక్కి వేసింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. అక్క నా వైపు చూడకుండానే, "కొంచెం కిందికమ్మా, ఆఁ, అక్కడే" అంది.

సాయంత్రం వాళ్ళు బయల్దేరారు. నేను రైలుకి పోతానని ఆగిపోయాను. అక్క కారు దాకా కుంటుతూ వెళ్ళి చెయ్యి ఊపింది. కారు సందు మలుపు తిరిగింది.

"ఏ కాలని చెప్పావురా?"

"రెండూ అన్నానక్కా."

"అయ్యో, నేను ఒక్క కాలితోనే కుంటానే!" అని, మామూలుగా నడుచుకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోయింది.