అన్న నేసిన బట్టకు కత్తెర

మొన్న కోరుట్లలో మా దర్జీ మా అన్న నేసిన ఎర్రగుడ్డను బల్ల మీద పరిచి, సుద్దముక్కతో గీత గీసి, కత్తెర చేతికి తీసుకోగానే నేను ఆగమని వేసిన కేకకు ఆయనే కాదు, జాకెట్టు వదులు చేయించుకోవడానికి వచ్చిన పక్కింటామె కూడా ఉలిక్కిపడింది. "అరే అమ్మా, కత్తిరియ్యకుంట రవికె ఎట్ల కుడ్త?" అని ఆయన నవ్వాడు. పాపం, అడిగినదాంట్లో తప్పేముంది? అయినా నేను గుడ్డను మడిచి సంచిలో పెట్టుకొని ఇంటికొచ్చేశాను. వయసు మీద పడ్డా గాబరా తగ్గలేదని మా ఆయన దెప్పుతారు గానీ, ఆ గాబరాకు పుట్టిల్లు కూడా నాలాగే సిరిసిల్ల అని ఆయనకు తెలియదు.

నా ఈడు నేతింటి ఆడపిల్లలకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. మా ముందు గదంతా బాపు మగ్గమే ఉండేది, దాని పక్కనే ఒదిగి తిని, ఒదిగి పడుకొని పెరిగాం. కత్తెర మాత్రం మా చేతికి అందనంత ఎత్తున గూట్లో ఉండేది. మగ్గం మీద బట్ట ఉన్నన్నాళ్లూ దాని పేరెత్తితే అశుభమని అవ్వ మూతి మీద ఒక్కటి వేసేది. మగ్గానికి ఎక్కించిన నిలువుపోగుల పడుగు అయిపోయిననాడు కూడా మా ఇంట్లో బట్ట కోస్తున్నామని అనేవాళ్లు కాదు, దించుతున్నామనేవాళ్లు. అవ్వ దీపం ముట్టించి, బట్ట అంచుకు పసుపు రాసి, ఆ తర్వాతే బాపు చేతికి కత్తెర అందించేది.

ఒక్కసారి మాత్రం, నాయనమ్మకు జబ్బు ముదిరి కరీంనగర్ తీసుకుపోవలసి వచ్చినప్పుడు, పడుగు ఇంకా సగం ఉండగానే బాపు బట్ట దించి అమ్ముకొచ్చాడు. ఆనాడు దీపం లేదు, పసుపు లేదు, కత్తెర నడిచిన కరకర మాత్రం ఇల్లంతా వినిపించింది. నాయనమ్మ మళ్లీ ఇంటికి రాలేదు. దానికీ దీనికీ సంబంధం లేదని బుద్ధికి తెలుసు, గుండెకు ఎవరు చెప్పాలి? అప్పటి నుంచి బట్ట మీద కత్తెర నడిచే చప్పుడు వింటే నాకు అరచేతుల్లో చెమట పడుతుంది.

బాపు పోయాక ఆ మగ్గం మా అన్న చేతికి వచ్చింది. వీధి వీధంతా కరెంటు మగ్గాల, అదే సాంచాల మోతలో పడిపోయినా, చూపు మసకబారేదాకా అన్న దాని మీదే నేశాడు. కిందటేడు పట్నంలోని ఒక మ్యూజియం నుంచి ఒక అమ్మాయి వచ్చి ప్రదర్శన కోసం పొడుగాటి ఎర్రబట్ట కావాలని అడిగితే, ఇదే నా ఆఖరి బట్ట అని చెప్పి మరీ నేసి ఇచ్చాడు. సిరిసిల్లలోనే ఒక హాల్లో ఆ ప్రదర్శన పెడుతున్నారని, తప్పకుండా రమ్మని అన్న ఫోను చేస్తే, జగిత్యాలలో ఉండే మనవరాలిని వెంటబెట్టుకొని సంబరంగా బస్సెక్కాను.

హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడదాకా వెదురుకర్రకు అన్న బట్ట వేలాడుతోంది. దాని కింద పీట మీద, పేర్చిపెట్టిన కత్తెరలు. "అమ్మమ్మా, ఇది ఉత్తగ చూసేటందుకు కాదట. ఎవలికి కావాల్సినంత వాళ్లు కత్తిరించుకొని తీస్కపోవాల్నట," అని మనవరాలు బోర్డు చదివి ఉత్సాహంగా చెప్పింది. నెలల తరబడి కళ్లు చిట్లించుకొని నేసిన బట్ట సాయంత్రానికి పేలికలైపోతుందని అన్నకు తెలుసా? తెలియకుండానే వస్తున్నాడా? మధ్యాహ్నం వస్తానన్నాడు. అది అన్న కంట పడకూడదని నేను పోయి ఆ బోర్డుకు అడ్డంగా నిలబడ్డాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు ముళ్ల మీద నిలబడ్డట్టే ఉంది.

వచ్చినవాళ్లంతా మా ఊరివాళ్లే. బట్ట అంచును వేళ్ల మధ్య నలిపి చూశారు, నేత బిగువును మెచ్చుకున్నారు, ఒకాయనైతే ఎక్కడో వదులైన పోగును పట్టి ముడివేసి మరీ వెళ్లాడు. కత్తెర జోలికి ఒక్కరూ పోలేదు. జనం పాలుపంచుకోకపోతే ప్రదర్శన పెట్టి ఏం లాభమని ఆ మ్యూజియం అమ్మాయి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఆమె గాబరా ఒక తీరు, నా గాబరా ఇంకొక తీరు.

అంతలో అన్న రానే వచ్చాడు. నన్నూ, నా వెనక బోర్డునూ చూసి, "జరుగు చెల్లె. గా కత్తెరల సంగతి నాకు ముందే చెప్పిన్రు," అన్నాడు. చెప్పినా ఎలా ఒప్పుకున్నావని నేను అడిగితే, "పెట్టెల పెడితె పురుగు తింటది. ఇంటికింత పోతె నా చేతి బట్ట ఊరంత ఉంటది గదా," అని పీట మీది కత్తెర తీసి నా చేతిలో పెట్టాడు. "పుట్టింటికొచ్చిన ఆడిబిడ్డవు, రవికె గుడ్డ పెట్టకుంట ఎట్ల తోలిస్త? నువ్వే దించు."

కోయమనలేదు, దించమన్నాడు. దీపం లేదు, పసుపు లేదు. అన్న బట్టను బిగించి పట్టుకున్నాడు. తిన్నగా తెగడానికి అవ్వ ఎప్పుడో చెప్పినట్టే ముందు అడ్డంపోగు ఒకటి లాగి, అది వదిలిన సన్నటి దారి వెంబడి కత్తిరించాను. ఆ కరకర చప్పుడు మొదలై ఆగేదాకా నేను బట్టను చూడలేదు, అన్న ముఖాన్నే చూశాను. ఆయన నవ్వుతూనే ఉన్నాడు, కళ్లలో నీళ్లు మాత్రం దాచుకోలేదు. నా తర్వాత ఊరు ఊరంతా వరుస కట్టింది. మేము బస్సెక్కే వేళకు హాల్లో ఉత్త వెదురుకర్ర వేలాడుతోంది.

ఇప్పుడు నా దగ్గరున్నది ఆ గుడ్డ. కుట్టిస్తే మళ్లీ కత్తెర పడుతుంది, కుట్టించకపోతే అంచుల నుంచి పోగులు ఊడిపోతున్నాయి. బాపు కాలంలో బట్ట దిగితే మగ్గానికి మరో పడుగు ఎక్కేది, అందుకే దించడానికి అంత ధైర్యం ఉండేదేమో. అన్న మగ్గం మీద ఇప్పుడు వదినె పప్పులు ఎండబెడుతోంది. నిన్న ఫోనులో, "రవికె కుట్టించినవా చెల్లె?" అని మళ్లీ అడిగాడు. రేపు దర్జీ దగ్గరికి పోవాలి. పోయేముందు దీపం ముట్టించి, గుడ్డ అంచుకు ఇంత పసుపు రాస్తాను. కత్తెర మాత్రం నేనే అందిస్తాను.