ఏడో వరస

జంషెడ్‌పూర్ పక్కన ఆదిత్యపూర్‌లో నేను ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసిన కార్ఖానావాళ్ళు ఈమధ్య ఒక సావనీరు వేశారు. నాకు పంపలేదు. మాంగోలో మా వీధిలోనే ఉండే పాత స్టోర్‌కీపరుకి పంపారు. ఆయన దాన్ని టీ గ్లాసు కింద పెట్టుకుంటే, అడిగి తెచ్చుకున్నాను. అందులో ఒక పేజీ నిండా ఫొటో, చెక్క ఫ్రేములో బిగించిన, అంచులు గోధుమరంగుకి తిరిగిన టైపు కాగితం. కింద, మన నాణ్యతకి పునాది వేసిన పట్టిక ఇదేననీ, తయారు చేసినది అప్పటి వర్క్స్ మేనేజరుగారనీ, అందులో ఏడో నియమం ఈనాటికీ కొత్తవాళ్ళందరికీ నేర్పుతున్నామనీ ఇంగ్లీషులో రాశారు.

ఆ పట్టిక నేను తయారు చేశాను. ఈ ముక్క ఇప్పటికి పదకొండు ఉత్తరాల్లో రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. నకళ్ళన్నీ ఉన్నాయి. నేను దేన్నీ మరిచిపోయే మనిషిని కాదు. రిటైరైన రోజున నా పక్కవాడికి వేసిన దండ నా దండ కన్నా మూడు వేళ్ళు లావుగా ఉందని నాకు ఇప్పటికీ గుర్తే. ఈసారి పన్నెండో ఉత్తరానికి కాగితాలు సర్దుకుంటూంటే మా ఆవిడ, "మన పెళ్ళిలో మా అన్నయ్య మీకు కుర్చీ వెయ్యలేదన్న సంగతి కూడా అందులోనే రాసెయ్యండి, ఒక పనైపోతుంది" అంది. నేను పట్టించుకోలేదు. భూతద్దం పెట్టి ఫొటోలోని పట్టికని మొదటి గడి నుంచీ చదువుకుంటూ వచ్చాను. ఏడో నియమం దగ్గర కలం కింద పెట్టేశాను. ఆ ఉత్తరం ఇంకా రాయలేదు. దాని బదులు ఇది రాస్తున్నాను.

డెబ్బైల చివర పాలిటెక్నిక్ డిప్లొమా పట్టుకుని శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చినప్పుడు నన్ను స్టేషనులో దింపుకున్నది మా చినమావయ్య, అమ్మ తమ్ముడు. అంతకు ఇరవయ్యేళ్ళ ముందు కాంట్రాక్టు కూలీగా వచ్చి, ఇనుము మోసి మోసి, చివరికి ఆదిత్యపూర్‌లో ఓ చిన్న కార్ఖానాలో చెకరయ్యాడు. చెకరంటే తయారైన సరుకుని కొలిచి మంచీ చెడ్డా వేరు చేసే మనిషి. బర్మామైన్స్‌లో వాళ్ళ సందులో తెలుగువాళ్ళంతా ఆ ఇంటిని చెకర్‌గారిల్లు అనేవారు. ఆయన నడకలో కూడా ఆ మాట ఉండేది. ఇంగ్లీషు రాదు, హిందీ మాట్లాడ్డమే గాని చదవడం రాదు, తెలుగులో సంతకం పెట్టేవాడు. లెక్క మాత్రం గట్టిది. అత్తయ్య వేయించిన ఎండు నెత్తళ్ళు కంచంలో ఎన్ని పడ్డాయో చూడకుండానే చెప్పేవాడు. ఒకటి తగ్గితే, "ఏటే, నానంటే సులకనా?" అనేవాడు. ఆ ఇంట్లో రెండేళ్ళు తిన్నాను. ఆ కార్ఖానాలో ఉద్యోగం కూడా ఆయన అడిగి వేయించిందే. పొద్దున్నే ఇద్దరం చెరో సైకిలు మీద ఖర్కాయి ఏటి మీద వంతెన దాటి వెళ్ళేవాళ్ళం.

మేము చేసేవి లారీ స్ప్రింగు పట్టీల్ని బండికి పట్టి ఉంచే ఉక్కు పిన్నులు. ఓసారి నలభై కావాలంటారు, ఓసారి వెయ్యి. ఎన్ని చేసినా తనిఖీకి ఒకటే పద్ధతి, దస్ మే ఏక్. అంటే పదింటికి ఒకటి చూడాలి. నలభైలో నాలుగు చూస్తే ఏమీ తెలియదు. వెయ్యిలో వంద ఎవరూ చూడరు, చూసినట్టు రాస్తారు. అవి కూడా పైపైన చేతికందినవే. మావయ్య ఒక్కడే ట్రే అడుగుదాకా చెయ్యి పెట్టేవాడు. "పైనున్నయ్యి మంచోల్లురా అల్లుడా, దొంగలెప్పుడూ అడుగునే ఉంతారు" అనేవాడు.

నేను చదువుకుని వచ్చిన వేడిలో ఉన్నాను. డ్రాయింగులో పిన్నుకి పదహారు కొలతలున్నాయి. వాటిలో తప్పకుండా చూడవలసినవి నాలుగు ఎంచాను: లావు, పొడుగు, గ్రీజు రంధ్రం, గట్టిదనం. తరవాత లాటుని బట్టి, అంటే ఒక్కసారిగా తనిఖీకొచ్చిన సరుకుని బట్టి, ఎన్ని తీసి చూడాలో గళ్ళు గీశాను. నలభైకి ఎనిమిది, వందకి ఇరవై, అయిదువందలకి యాభై, అది దాటితే వెయ్యి దాకా ఎనభై. తీసినవాటిలో ఎన్ని చెడ్డవి ఉంటే ఒప్పుకోవచ్చో పక్క గడిలో. ఇరవైలో ఒకటి దాకా సరే, ఎనభైలో అయిదు దాకా సరే, అది దాటితే లాటంతా వెనక్కి. గళ్ళ కింద ఆరు నియమాలు. ఆఫీసు మిషను మీద టైపు చేసి తనిఖీ గది గోడకి అంటించాను. ఎవరూ చదవలేదు. మేనేజరు దాని ముందు నిలబడి తల దువ్వుకున్నాడు, ఎందుకంటే పక్కనే అద్దం ఉంది. ఆయన నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. "ఏయ్ డిప్లొమా" అనేవాడు. ఒక రోజు మాత్రం, దీనివల్ల ఎంత టైము కలిసొస్తుందో వచ్చే వారం చూపించమన్నాడు.

టైము కలిసిరావడానికి ఒక దారి ఉంది. వంద చొప్పున ఎనిమిది ట్రేలని వేరువేరు లాట్లుగా చూస్తే నూట అరవై పిన్నులు కొలవాలి. అన్నీ ఒకే డబ్బాలో పోసి ఎనిమిది వందల లాటు అంటే ఎనభై చాలు. సగానికి సగం. మావయ్య ఒప్పుకోలేదు. మాకు పిన్నుల్ని సాపు చేసే గ్రైండింగు మిషన్లు రెండు ఉండేవి, ఒకటి కొత్తది, ఒకటి ముసలిది. ముసలిదాన్ని అందరూ బుఢియా అనేవారు. దాని రాయి అరిగేకొద్దీ పిన్నులు లావవుతాయి. "మద్దేనం దాటితే బుఢియా ఒల్లు సేసేత్తాది. దాని సరుకూ కొత్తదాని సరుకూ ఒక్క సంసారం ఎలాగౌతాదిరా? ఏ మిసన్ సరుకు ఆ మిసన్‌దే" అనేవాడు. బుఢియా ట్రేలకి ఎర్ర గుడ్డ పేలిక, కొత్తదాని ట్రేలకి తెల్లది కట్టేవాడు. గళ్ళు గీసి ఇంగ్లీషులో టైపు చేసిన నాకు ఆ పేలికలు చూస్తే నవ్వొచ్చేది. నవ్వేవాణ్ణి కూడా, పదిమందిలో.

మేనేజరు చూస్తానన్న రోజు పొద్దున మావయ్య కళ్ళద్దాల కోసం దవాఖానాకి వెళ్ళాడు. ఆయన ట్రేలు ఎనిమిదీ వరసగా ఉన్నాయి. రెండింటికి ఎర్ర పేలికలు. ఎనిమిది ముళ్ళూ నేనే విప్పాను. గట్టి ముళ్ళు, గోరు విరిగింది. పేలికలు నూనె గుడ్డల డబ్బాలో పడేసి, మేనేజరు రాకముందే పిన్నులన్నీ ఒక్క డబ్బాలో పోశాను. ఎనభై తీశాను, అడుగు నుంచి కూడా తీశాను, అందులో మోసం చెయ్యలేదు. లావున్నవి నాలుగు దొరికాయి. అయిదు దాకా సరే కాబట్టి లాటు పాసు. మేనేజరు వాచీ చూసుకుని "అచ్ఛా" అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను పొంగిపోయాను.

మావయ్య కొత్త అద్దాలు పెట్టుకుని వచ్చి డబ్బా వంక చూశాడు.

"గుడ్డలేయిరా?"

"ఊడ్చేవాడు తీసేసినట్టున్నాడు మావా."

"సరుకు కలిసిపోనాదేటి?"

"పట్టిక ప్రకారం పరవాలేదు. నాలుగే దొరికాయి."

ఆయన ఆ నాలుగింటినీ అరచేతిలో దొర్లించి, "నాలుగూ బుఢియావే" అన్నాడు. కాసేపు నన్ను చూశాడు. "నువ్వు సూసినావు గదా. మరేటి" అని రిజిస్టరులో చెకర్ సంతకం పెట్టాడు. అక్కడ పెట్టవలసింది ఆయనే.

పదిరోజులకి లాటంతా వెనక్కొచ్చింది. కొన్నవాళ్ళ దగ్గర పిన్నులు వాటి బుష్ గొట్టాల్లో దూరలేదు. మళ్ళీ కొలిస్తే చెడ్డవి నలభై తేలాయి, నలభయ్యీ బుఢియా రెండు ట్రేలవే. ఆ ట్రేలని విడిగా చూసి ఉంటే ఒక్కో ఇరవైలోనే నాలుగేసి కనబడేవి, ఒకటి దాటితే ఆపెయ్యమని నా పట్టికే చెప్పేది. మంచి పిన్నులు ఆరువందలు పోసి చెడ్డ ట్రేలని దాచింది నేను.

మర్నాడు పొద్దున విచారణ అన్నారు. నేను అందరికన్నా ముందు వెళ్ళి, గోడ మీది కాగితం ఊడదీసి, అదే మిషనులో ఎక్కించి, ఆరో నియమం కింద ఏడోది టైపు చేశాను: ఏ యంత్రం సరుకు ఆ యంత్రానిదే ఒక లాటు, కలపరాదు. మళ్ళీ అంటించాను. ఆ కాగితాన్ని ఎవరూ చదవరన్నది అప్పటిదాకా నా ఫిర్యాదు. ఆ రోజు నన్ను కాపాడింది అదే.

మేనేజరు తనిఖీ గదిలోకి వచ్చి, "మాల్ కిస్‌నే మిలాయా?" అన్నాడు, సరుకు ఎవరు కలిపారని. మావయ్య నాకు రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. "మిల్ గయా, సాబ్" అన్నాడు. కలిసిపోయిందన్నాడు. కలిపారనలేదు. మేనేజరు నా వైపు తిరిగి, "తుమ్హారా టేబుల్ క్యా బోల్తా హై?" అన్నాడు. నీ పట్టిక ఏమంటోందని. నీ పట్టిక అన్నాడు. దాన్ని ఎవరైనా నాదనడం అదొక్కసారే. నేను లేచి ఏడో వరస మీద వేలు పెట్టాను. మేనేజరు చదివి తలాడించాడు.

"ఏటి రాసుందిరా అందులో?" అన్నాడు మావయ్య.

తెలుగులో చెప్పాను. ఆయన తల వంచుకుని పూర్తిగా విన్నాడు.

"బాగా రాసినావురా అల్లుడా" అన్నాడు.

చూపు మందగించిందని రిజిస్టరులో రాసి ఆయన్ని తనిఖీ నుంచి తీసేశారు. లావు చూసే గేజి కంతలో పిన్ను దూరుతుందో లేదో చెప్పడానికి చెయ్యి చాలు, కళ్ళక్కర్లేదు. ఆ సంగతి ఆ గదిలో అందరికన్నా నాకే బాగా తెలుసు. చొక్కా జేబులోంచి గేజి తీసి, తువ్వాలు కొసతో తుడిచి, బల్ల మీద నా ముందు పెట్టాడు. ఆ తరవాత తొమ్మిదేళ్ళు ప్యాకింగులో పెట్టెలకి మేకులు కొట్టాడు. సందులో మాత్రం చెకర్‌గారనే పిలిచేవారు, ఆయన కాదనేవాడు కాదు. ఇంట్లో నన్ను ఒక్క మాట అనలేదు. అత్తయ్య అన్నం వడ్డిస్తూనే ఉంది. ఆ అన్నం దిగక, డ్యూటీకి దగ్గరని అబద్ధం చెప్పి మాంగోలో గది తీసుకున్నాను. ఊరికి ఆ చివరనున్న మాంగో దగ్గరెలాగవుతుందని కూడా ఎవరూ అడగలేదు. ఆ ఏడే మేనేజరు పట్టికకి ఫ్రేము కట్టించి కింద తన పేరు వేయించుకున్నాడు. నా పేరు పోయిందన్న కోపం నాకు బాగా అక్కరకొచ్చింది. ఆ కోపం ఉన్నన్నాళ్ళూ రెండో సంగతి, మావయ్యకి నేను చేసినది, తలుచుకోనక్కర్లేకపోయింది. ఆరు నియమాలు నావి. వాళ్ళిప్పుడు కొత్తవాళ్ళకి నేర్పేది ఏడోది, అది మా మావయ్య పేలికల మీద రాసినది.

ఆయన పోయి చాలా కాలమైంది. అత్తయ్యా లేదు. వాళ్ళ కూతురు, నా మరదలు, ఆ సందులోనే ఉంటోంది. ఇంతవరకూ రాసినది రెండు నెలల కిందట ఆమెకి రిజిస్టరు పోస్టులో పంపాను. ఫోను చేస్తే, "పఢ్ లియా, బావా" అంది, చదివానని. అంతే, పెట్టేసింది. అప్పట్నుంచీ ఫోను ఎత్తడం లేదు. తెలుగులో ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

మరదలా, ఫోను ఎత్తవు కాబట్టి ఇక ఇది నీకే రాస్తున్నాను. మీ నాన్నకి చదవడం రాదు గాని లెక్కపెట్టడం వచ్చు. ఆ కాగితం ఏడాది పాటు రోజూ ఆయన కళ్ళ ముందే ఉంది. ఆరు వరసలు ఒక్క రాత్రిలో ఏడయ్యాయని ఆయనకి తెలిసిందా? తెలిసే, బాగా రాసినావురా అన్నాడా? ఇంట్లో మీ అమ్మతోనైనా, నీతోనైనా ఎప్పుడైనా అన్నాడా? నాకు ఎవరూ జవాబివ్వలేదని ఏడాదికేడాది లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను గాని, అవే ఏళ్ళు మీ ఇంట్లో ఎలా గడిచాయో ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నన్ను క్షమించమనడం లేదు. ఆయనకి తెలుసా, తెలియదా? ఒక్క మాట. చెప్పు.