వాటాకొచ్చిన రెండు మంచు టైర్లు

మంచంటే నాకు అసహ్యం. ముందే చెప్పేస్తే మీకూ నాకూ ఒక పని తగ్గుతుంది. భూమికి దక్షిణపు కొసన డునెడిన్‌లో ఉంటూ మంచుని తిట్టడమేమిటని అడుగుతారు. ఉంటున్నాను కాబట్టే తిడుతున్నాను. ఫోటోల్లో పంచదార చల్లినట్టు తెల్లగా కనిపించేది మొదటి గంట సరుకు. ఆ ఫోటో తీసి ఇండియాకి పంపేసి అందరూ లోపలికెళ్ళి హీటర్ ముందు కూర్చుంటారు. తర్వాత దాని మీద బస్సులు పోతాయి. కౌన్సిల్ వాళ్ళు చల్లిన కంకరపొడి కలుస్తుంది. గొర్రెల లారీ కార్చుకుంటూ పోయింది కూడా కలుస్తుంది. మధ్యాహ్నానికి అది గిన్నెలు కడిగిన నీళ్ళ రంగుకొస్తుంది. దాన్ని ఎవడూ ఫోటో తీయడు. బూట్లకి అంటించుకొచ్చి నా వంటింట్లో తొక్కుతారు.

వంటిల్లు అంటే రెస్టారెంటుది. నేను వంటవాణ్ణి. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరు భరించలేక విడిపోయాం. ఆయన బళ్ళోనే ఉండిపోయాడు, నేను భీమవరంలో ఒక హోటల్లో ఉల్లిపాయలు తరగడానికి చేరాను. మా ఆవిడ అలా కాదు. చదువుకున్న మనిషి, నర్సు. ఆమెకి ఇక్కడ ఉద్యోగం వస్తే సామానుతో పాటు నేనూ వచ్చాను.

ఊళ్ళో పెద్దాసుపత్రిలో ఆమె వందమందిలో ఒకతి. కొండల అవతల, గొర్రెలూ గాలీ తప్ప ఏమీ లేని ఒక చిన్న ఊళ్ళో చిన్న ఆసుపత్రి ఉంది. అక్కడ పోస్టు పడితే అప్లై చేసింది, వచ్చింది. పేషెంట్లలో ముసలివాళ్ళే ఎక్కువ. డాక్టరు వారంలో కొన్ని రోజులే వస్తాడు, మిగతా రోజులు వార్డంతా ఈమె చేతిలోనే. మొదటి వారం ఇంటికొచ్చి నాతో గొప్పలేమీ చెప్పలేదు గానీ, పప్పు వడ్డించుకుంటూ కూనిరాగం తీసింది. పెళ్ళైనప్పట్నుంచీ ఆ గొంతులోంచి నేను విన్న రాగాలు వేరే. ఈ ఉద్యోగం ఈమెకి ఉండి తీరాలని నాకు అప్పుడే అనిపించింది.

చిక్కల్లా దారితోనే. అది కొండెక్కి, దిగి, మళ్ళీ ఎక్కుతుంది. చలికాలంలో నీడ పడే మలుపుల్లో పేరుకున్న ఐసు మధ్యాహ్నం దాకా కరగదు. చూడ్డానికి రోడ్డు తడిసినట్టే ఉంటుంది, అంతే. నేను దింపి రావాలంటే నా లంచ్ షిఫ్టు ఎవడు చేస్తాడు? తనే డ్రైవ్ చేసుకుని వెళ్ళాలి, తనే రావాలి. కాబట్టి ఇక్కడ చలికాలం మొదలయ్యే జూన్ రాకముందే కారుకి టైర్లు మార్చాలి. మంచు కోసమే చేసిన వింటర్ టైర్లా, ఏడాదంతా నడిచే ఆల్ సీజన్ టైర్లా?

బుద్ధున్నవాడు టైర్ల షాపుకెళ్ళి అడుగుతాడు. మేము తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగాం.

“ఆల్ సీజన్ అని పేర్లోనే ఉంది కదా బ్రో, అందులో వింటర్ రాదా?” అన్నాడొకడు. “వింటర్‌వి వేసవిలో కరిగిపోతాయి నాన్నా” అంది ఒక ఆంటీ, అవేవో కుల్ఫీలైనట్టు. అందరికంటే పొడుగు ఉపన్యాసం టకానిని నుంచి వచ్చింది. టకానిని అంటే ఆక్లాండ్‌కి దక్షిణపు అంచు. అక్కడ మంచు చూడాలంటే ఫ్రిజ్ తలుపు తియ్యాలి. ఆ పెద్దమనిషి కొండదారుల్లో బ్రేకు ఎలా వెయ్యాలో వాయిస్ మెసేజ్‌లో చెప్పాడు, వెనకాల కుక్కర్ కూస్తుండగా. ఇంకొకావిడ “ఏవి వేసినా కింద నిమ్మకాయలు పెట్టడం మర్చిపోకండి” అంది. మొత్తమ్మీద చెయ్యగలిగిన సలహా అదొక్కటే. నిమ్మకాయలు మా ఇంట్లో ఉన్నాయి.

ఆఖర్న మా తోడల్లుడు దిగాడు. మా ఆవిడ అక్కయ్య మొగుడు. వెల్లింగ్టన్‌లో ఒక గవర్నమెంట్ ఆఫీసుకి కంప్యూటర్ పని చేస్తాడు, కానీ ఉండేది మా వెనక వీధిలో. ఇంట్లోంచే పని. పైన చొక్కా, కింద లుంగీ. ఆయన ఏ కారు కొంటే మేమూ అదే కొన్నాం, అదే కంపెనీ, అదే మోడల్. ఆయన పరిశోధన చేశాడు గనక ఇంకొకరు చెయ్యక్కర్లేదని మా ఇంటి నమ్మకం.

“తమ్ముడూ, పని అయిపోయింది” అన్నాడు వస్తూనే. “ఒక రైతు దగ్గర వింటర్ టైర్ల సెట్టుంది. జపాన్ నుంచొచ్చిన కారుకి ఉన్నవి. మన మోడల్‌కే సరిపోతాయి. చక్రాలతో సహా ఇస్తాడు.”

“సెట్టంటే నాలుగు కదన్నయ్యా. కార్లు రెండు.”

“అదే కదా అందం. చెరో రెండు.”

నవ్వకండి. ఇది మా అలవాటు. బియ్యం బస్తా తెస్తే చెరి సగం. మామిడిపళ్ళ పెట్టె వస్తే చెరి సగం. రైతు దగ్గర పొట్టేలు తీసుకుంటే తలకాయ మాకు, బోటీ వాళ్ళకి. ఇన్నేళ్ళుగా అన్నీ పంచుకున్న చేతులకి నాలుగు టైర్లు కనబడితే ఆగుతాయా?

మా ఆవిడ ఆగింది. “బావగారూ, మరి వెనక చక్రాలు?”

“మన కారు ముందు చక్రాలతో లాగుతుందమ్మా. ఇంజిన్ బలమంతా అక్కడే. వెనకవి ఊరికే వెంటొస్తాయి.”

“మా ఆయనలాగానా?” అంది. అందరం నవ్వాం. నేను ఇంకాస్త గట్టిగా నవ్వాను. అక్కడితో ఆ ప్రశ్న చచ్చిపోయింది.

ఆ టైర్ల అవతారం చూడాలి. ఏ చెట్టు కింద ఎన్నాళ్ళు పడున్నాయో, ఒక్కో దాంట్లో పచ్చటి నీళ్ళు, నాచు, చచ్చిన నత్తలు. వంపేసరికి వచ్చిన కంపుకి నాకు, రోజూ చేపలు కడిగేవాడికి, కళ్ళు తిరిగాయి. నాలుగూ తెచ్చి మా గరాజ్‌లో దించాడు, నా ఆవకాయ జాడీల పక్కన. “మీ ఇంట్లో ఎందుకు దించలేదు?” అంటే “మీ వదినకి వాసనలు పడవు తమ్ముడూ” అన్నాడు. నాకేమో అత్తరు వ్యాపారం కదా.

డునెడిన్‌లో సమంగా ఉండే డ్రైవ్‌వే దొరకడం కష్టం. ఆ వాలు మీదే జాకీ పెట్టి, ఫోన్‌లో వీడియో చూస్తూ, ఆయన చెబుతూ నేను తిప్పుతూ, రెండు కార్లకీ ముందు రెండేసి బిగించాం. గ్రూపులో ఫోటో పెట్టాడు. బొటనవేళ్ళూ, చప్పట్లూ, దండాలూ వచ్చిపడ్డాయి. టకానిని ఆయన “సూపర్ ఐడియా” అన్నాడు. ఆ ఫోటోలో నేను ఆ మురికి గ్లవ్స్‌తోనే విజయసంకేతం చూపిస్తున్నాను.

మొదటి గట్టి చలికి, కొండ దిగే మలుపులో, మా ఆవిడ బ్రేకు మీద కాలు పెట్టింది. అంతే. కారు వెనకభాగం పక్కకి జారి, ముందుకొచ్చి, బండి గిర్రున తిరిగి, వచ్చిన దారికేసి మొహం పెట్టి గొర్రెల కంచెకి ఆనుకుంది. కంచె అవతల లోయ. తనకేం కాలేదు. ఎదురుగా లారీ ఏదీ రాలేదు. రాలేదు కాబట్టే ఇది నేను కూర్చుని రాస్తున్నాను.

నేను చికెన్‌కి మసాలా పట్టిస్తుంటే ఫోన్ చేసింది. “కారు కంచె మీద ఉంది. నేను బాగానే ఉన్నాను. ఒకాయన ట్రాక్టర్ తెచ్చి లాగుతున్నాడు. మీరు కంగారు పడి బయల్దేరకండి, దేంట్లో వస్తారు, మనకున్న ఒక్క కారూ ఇక్కడ కంచె మీదుంది.” ఆ జోకు వేసి, నేను నవ్వేలోపే ఫోన్ పెట్టేసింది. నేను చేతులు కడుక్కున్నాను, మళ్ళీ కడుక్కున్నాను, మసాలా వాసన పోలేదు.

సాయంత్రం తోడల్లుడు పరామర్శకి వచ్చాడు. కుర్చీలో కూర్చుని, టీ తాగి, తల పంకించి, “స్పీడెక్కువ వెళ్ళుంటావ్ మరదలా” అన్నాడు.

మా ఆవిడ కప్పు కింద పెట్టింది. “స్పీడు కాదు బావగారూ. ముందు చక్రాలు ఆగాయి. మీరు చెప్పినట్టు వెనకవి వెంట రాలేదు. నన్ను దాటి వెళ్ళాయి.”

“మరి నా కారు బాగానే నడుస్తోందే?”

“అన్నయ్యా,” అన్నాను, “నీ కారు గరాజ్‌లోంచి గుమ్మం దాకా వచ్చి ఎండకి నిలబడి లోపలికి పోతుంది. దానికి టైర్లెందుకు, చెప్పులు చాలు.”

ఆయనకి కోపమొచ్చింది. నాకు కోపం కూడా రాలేదు. గొంతు దాకా రోత వచ్చింది. మనిషి లోయ అంచు దాకా వెళ్ళొస్తే, ఈయన తన ఐడియాకి దెబ్బ తగిలిందా లేదా అని తడుముకుంటున్నాడు. ఆ ఐడియాకి ఇకిలించిన గ్రూపు ఆ రోజు నుంచి చలికాలంలో చర్మానికి ఏ నూనె మంచిదో మాట్లాడుకుంటోంది.

మా ఆవిడ సెలవు పెట్టింది. కూనిరాగం ఆగిపోయింది. ఒకరోజు బట్టలు మడత పెడుతూ, “పాత ఆసుపత్రిలో అడిగి చూస్తాను. మళ్ళీ తీసుకుంటారేమో” అంది. నా వైపు చూడకుండా అంది.

ఆ వారంలోనే తోడల్లుడి కారు ఫిట్‌నెస్ పరీక్షకి వెళ్ళి ఫెయిలైంది. ఇక్కడ రూలట, వింటర్ టైర్లు వేస్తే నాలుగూ అవే ఉండాలి. మర్నాడే ఆయన తన రెండు చక్రాలూ దొర్లించుకుంటూ వచ్చాడు. “ఆలోచించాను తమ్ముడూ. మరదలి ప్రాణం కంటే నాకు టైర్లు ఎక్కువా? నా వాటా కూడా మీరే ఉంచుకోండి.” తనకి పనికిరాకుండా పోయినదాన్ని త్యాగం చేయడంలో ఈయన్ని మించినవాణ్ణి నేను చూడలేదు.

మా ఆవిడ వంగి టైరు మీద గోరు గుచ్చి చూసింది. “దిగట్లేదు బావగారూ. ఇది రబ్బరా, అక్కయ్య చేసిన చేగోడీయా?”

అప్పుడు చూశాం, పక్కలంతా సన్నటి పగుళ్ళు. నాలుగు కలిపినా అవి నాలుగు రాళ్ళే.

ఇక కొత్తవే కొనాలి. నేను ఆల్ సీజన్ వైపు. నా కారణం చెబుతాను, అందులో సైన్సేమీ లేదు. ఇంకోసారి గరాజ్‌లో టైర్లు పెట్టుకోవడం, వసంతం రాగానే తీయడం, మళ్ళీ జాకీ, మళ్ళీ వాలు, తలుచుకుంటేనే నాకు ఆ నత్తలు గుర్తొస్తున్నాయి. ఆల్ సీజన్ అయితే వేసి మర్చిపోవచ్చు.

“వాటిమీద కూడా మంచుకి పనికొస్తాయన్న ముద్ర ఉంటుందట. ఊళ్ళో మంచు పడేదెన్నిసార్లు?” అన్నాను.

“నేను పనిచేసేది ఊళ్ళో కాదు.”

“వానలో, వేడి రోడ్డు మీద వింటర్‌వి త్వరగా అరిగిపోతాయట.”

“అందుకే వసంతంలో మార్చేది. ఈ ఊరికే అయితే మీరన్నవే వేయించేదాన్ని. అక్కడ పనిచేసేవాళ్ళని అడిగాను. ఆ మలుపు రోజూ దాటేవాళ్ళని. గ్రూపుని కాదు. నాకు ఆ పని కావాలండీ” అంది.

నాలుగు కొత్త వింటర్ టైర్లు వేయించాం. ఆమె గోరు గుచ్చి చూసింది, దిగింది. డిక్కీలో గొలుసులు కూడా పెట్టించుకుంది, రోడ్డు మరీ పాడైతే చక్రాలకి చుట్టుకోవడానికి. అవి చుట్టడం షాపు ముందే నేర్చుకుంది, చలికి వేళ్ళు ఎర్రబడేదాకా. నేను నిమ్మకాయలు పెడదామంటే “పులిహోరలోకి ఉంచండి” అంది.

మొదటి రోజు నేను లంచ్ షిఫ్టు మానేసి పక్కన కూర్చున్నాను. ఎవరికి ధైర్యం చెప్పడానికని అడక్కండి. రాత్రి కురిసిన మంచు రోడ్డంతా ఉంది. అటూ ఇటూ ఎక్కడ చూసినా తెలుపే, కళ్ళలో సున్నం కొట్టినట్టు. ఆ మలుపు ముందే ఆమె గేరు తగ్గించింది. బ్రేకు జోలికి పోలేదు. కంచె దగ్గర కొత్త కర్రలు పాతి ఉన్నాయి. నేను రెండు కాళ్ళూ కింద మ్యాట్ మీద బిగించి నొక్కుతున్నాను, నా వైపు బ్రేకు లేదన్న సంగతి మర్చిపోయి. టైర్ల కింద మంచు కరకరమంది. కారు వెనకభాగం మా వెనకే వచ్చింది. ఆమె ఊపిరి వదిలిన చప్పుడు హీటర్ మోతలో కూడా వినబడింది.

“చూశారా?” అంది.

చూడలేదు. కళ్ళు మూసుకున్నాను. తర్వాతి మలుపుకి తెరిచాను, దాని తర్వాతి మలుపుకి కడుపు తిప్పింది. ఆసుపత్రి ముందు కారాగడం, నేను తలుపు తీసి పొద్దున తిన్న ఉప్మా అంతా ఆ తెల్లటి మంచు మీద వంపడం ఒకేసారి జరిగాయి. సగం మ్యాట్ మీద పడింది. కిటికీలోంచి చూస్తున్న ఒక ముసలాయన నాకు చెయ్యి ఊపాడు.

మా ఆవిడ టిష్యూలు నా చేతిలో పెట్టి, కోటు సర్దుకుంది. “రేపట్నుంచి నేనొక్కదాన్నే వెళ్తాను.”

“భయం లేదా?”

“ఉంది. కానీ మలుపు చూసుకోనా, మిమ్మల్ని చూసుకోనా?”

అని లోపలికెళ్ళిపోయింది. తలుపు మూసుకునేలోపు ఎవరో ముసలావిడ ఆమెని “వచ్చావా డియర్” అని పలకరించడం, ఈమె నవ్వుతూ ఏదో అనడం వినిపించాయి. నేను ఆ చలిలో మోకాళ్ళ మీద కూర్చుని మ్యాట్ కడిగాను. నీళ్ళు లేవు. ఆ పాడు మంచుతోనే రుద్దాను.