బండకు లొంగని పులి

పలాస స్టేషన్ రోడ్డులో టీషర్టుల మీద బొమ్మలు వేసే ప్రమోదిని, ప్రింటరులోకి ఏ కొత్త ఇంకు కొన్నా, ఏ కొత్త పేపరు తెచ్చినా ముందు ఒక చొక్కా మీద బొమ్మను వేడి ప్రెస్సుతో అద్ది, ఉతకమని అత్త రత్నాలమ్మ చేతిలో పెడుతుంది. మెల్లగా జాడించమని ఇంకు అమ్మేవాడు చెబుతాడు గానీ, ఉద్దానంలో బండకేసి బాదకుండా బట్టలుతికేదెవరు? నిరుడు మూలపేట కబడ్డీ జట్టు చొక్కాల మీద ఆమె వేసిన పులి తొలి ఉతుకుకే వెలిసిపోయింది. జట్టు నాయకుడు రమేష్ మళ్లీ ఆమె దుకాణం గుమ్మం తొక్కలేదు. అప్పటినుంచి ఎన్ని పులులు ఆ బండ మీద చచ్చాయో!

ఈ ఉదయం, నీటికి కరగని పిగ్మెంటు ఇంకు కొత్తగా తెచ్చి వేసిన పులిని రత్నాలమ్మ కసిదీరా బాదింది. కాసేపటికి పెరట్లోంచి కేక వినబడింది. "ఓలమ్మ పెమోదినీ! గుడ్డ సిరిగిపోనాది గానీ పులి సావనేదే!"

ప్రమోదిని చిరుగు వంక చూడనేలేదు. తడి చొక్కా భుజాన వేసుకుని ఫోన్ అందుకుంది. "రమేషూ, మీ పులి బతికినాది. ఒకపాలొచ్చి సూడు."